ఉప్పునీటి ఆకాశం

ముత్తియాల్‌పేటలో మా ఎదురింటి సుందరమూర్తి కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. స్తంభాల మీద నుంచి సముద్రాన్ని చూసి చూసి దాని పిచ్చి పట్టింది. తెల్లవారగానే కాలాపేట తీరానికి వెళ్లి బొమ్మ వేస్తాడు. రంగులు కలపడానికి కుళాయి నీళ్లు పనికిరావు, సముద్రపు నీళ్లే కావాలి. ఉప్పు రంగును అక్కడక్కడా లాగేసుకుంటే కాగితం మీదికి పొగమంచులాంటి వెలుగు దిగుతుంది. ఆ వెలుగుకు మోసపోయి ఓ కొంగ చేప కోసం బొమ్మను ముక్కుతో పొడిచిందంటే మా మనవరాలు ఇలక్కియ నమ్మదు.

మొదటిసారి అతని బొమ్మను ఊళ్లో ప్రదర్శనకు తీసుకున్నారు. ఆ పొద్దునే ముసురు పట్టింది. హాల్లో గోడకు తగిలించి, అతనూ అతని భార్య వేదవల్లీ నేనూ వెనక్కి జరిగి చూశాం. బొమ్మలో ఆకాశం తడితడిగా మెరిసింది.

“ఏందయ్యా ఇది? బొమ్మకి చెమట పడతా ఉండాది!” అంది వేదవల్లి.

సుందరమూర్తి ముఖం పాలిపోయింది. కాగితంలో మిగిలిన ఉప్పు వానగాలి చెమ్మను పీల్చేసింది. ఎండల్లో వేసి డబ్బాలో మూసిపెట్టడమే తప్ప, వానలో ఏనాడూ బయటికి తీసినవాడు కాడు. నీలం కరిగి, బొట్టు కట్టి, కింది తెల్లటి వెలుగు వైపు జారుతోంది. ఆ వెలుగు పోతే ఇక బొమ్మే లేదు.

“కొంగుతో అద్దేదా?” అంది వేదవల్లి.

“ముట్టుకోవద్దు! రంగంతా నీ చీరకొస్తాది.”

“అయితే చీరనే తగిలిద్దాం,” అన్నాను.

సుందరమూర్తి ఒక్క ఉదుటున బొమ్మను దించి బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టాడు. బొట్టు వెలుగు అంచున ఆగి వణికింది.

హాలు చూసుకునే నరేంద్రన్ పరుగున వచ్చాడు. “మామా, యాడ పెట్టినారు దీన్ని? గోడ మీద లేని బొమ్మకి నంబరు ఇవ్వరు, నంబరు లేంది ప్రదర్శనలో లెక్కకి రాదు. పెద్దోళ్లు వచ్చేస్తా ఉండారు. ఎత్తి తగిలించండి, లేదంటే ఇంటికి తీసుకుపోండి.”

“ఎత్తితే సచ్చిపోతాది తంబీ. నువ్వే వంగి చూడు.”

నరేంద్రన్ విసుగ్గా వంగాడు. తలుపు దగ్గర చెప్పుల చప్పుడు దగ్గరవుతోంది. అతను లేవలేదు. పడవ అంచు పట్టుకుని నీళ్లలోకి చూసేవాడిలా ఇంకా కిందికి వంగాడు.

“ఫ్యాన్ ఆపండ్రా! బొట్టు కదులుతా ఉంది,” అని అరిచి, జేబులోంచి నంబరు చీటీ తీసి బల్ల అంచుకు అతికించాడు.

వచ్చినవాళ్లంతా నడుములు వంచి చూశారు. సుందరమూర్తి మాత్రం తలుపులు మూసేదాకా బల్లను వదల్లేదు, ఎవరి మోచెయ్యి తగులుతుందోనని. బయట వాన కురుస్తూనే ఉంది.