అత్త దాటని పడుగు

మా మేనత్త పోయిన వారం కన్నుమూసింది. నిద్రలోనే, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా. జీవితంలో ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా ఆమె చేసిన పని బహుశా ఇదొక్కటే. కబురు వచ్చినప్పుడు నేను గుమ్మిడిపూండి ఫ్యాక్టరీ క్యాంటీనులో రెండో ఇడ్లీ మీద ఉన్నాను. తమ్ముడు ఫోనులో "అత్త లేదు అక్కా" అన్నాడు. "లేకుండా యాడికి పోతాది, మగ్గం కాడ చూడు" అన్నాను, అలవాటు కొద్దీ. వాడు మళ్ళీ అదే మాటన్నాడు. ఇడ్లీ అట్లాగే ఉండిపోయింది.

స్మృతి వ్యాసం రాసేవాళ్ళు పోయినవారి ఘనతలు చెప్పాలట. పద్ధతి తప్పకుండా నేనూ చెబుతాను. మా అత్త క్రిమినల్ కేసులో ముద్దాయి. కోర్టు ఆమెను దోషి అని తేల్చి నెల రోజుల జైలు శిక్ష వేసింది. మా వంశంలో ప్రభుత్వం ఇంత శ్రద్ధగా పట్టించుకున్న మనిషి మరొకరు లేరు.

తమిళనాట అత్తిమంజేరిపేట దాటాక వచ్చే మా ఊళ్ళో నేతవాళ్ళది ఒకటే వీధి. మామ పోయాక అత్త అక్కడే, మా ఇంటి పక్కన, ఒంటరిగా ఉండేది. అరవై దాటినా మగ్గం దిగలేదు. మోకాళ్ళు వంగేవి కావు, నోరు అంతకంటే వంగేది కాదు. ఎవరి బట్ట కనిపించినా రెండు వేళ్ళ మధ్య నలిపి చూడాల్సిందే. బస్సులో ముందు సీటామె పైటను కూడా వదిలేది కాదు. "రెండు ఉతుకులకు పోతాది" అని, అడగకపోయినా తీర్పు చెప్పేది.

ఎదురింటాయనతో ఆమెకు కాలవ నీళ్ళ గురించి ఏళ్ళ తరబడి తగాదా. ఒకనాడు పొద్దున్నే ఆయన తల పగిలింది. మా అత్త తన గుమ్మంలోంచి కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చి, వీధికి అడ్డంగా నేరుగా ఆయన అరుగు మీదికెక్కి కొట్టిందని ఆయన ఫిర్యాదు ఇచ్చాడు. కొళాయి దగ్గర జారిపడ్డాడని వీధిలో కొందరు గుసగుసలాడారు, కానీ గుసగుసలు కోర్టుకు రావు. ఆ వేళ మగ్గం మీద ఉన్నానంది అత్త. చూసినవాళ్ళు లేరు. కొట్టగా చూశానని చెప్పడానికి మాత్రం ఒక సాక్షి ఉన్నాడు. తగాదా ఉన్న సంగతి అందరికీ తెలిసిందే. కింది కోర్టు తన ముందున్నది చూసి శిక్ష వేసింది.

అప్పీలుకు ముప్పై రోజుల గడువు. ఆ లోపల వీధి పెద్దలు రాజీ తెచ్చారు. పదిమందిలో ఒక్కసారి మన్నించమని అడిగితే చాలు, ఎదురింటాయన కోర్టులో రాజీ అయిపోయామని చెబుతాడు, జైలు ఉండదు. మా నాన్న, అంటే ఆమె తమ్ముడు, దాదాపు ఏడ్చాడు.

"ఒక్క మాటక్కా. అనేస్తే పోతాది."

"చెయ్యనిదానికే మన్నించమని అడిగితే, రేపు చేసినదానికి ఏమని అడగాలరా?"

"జైలక్కా అది."

"ఉండనీరా. ఆడ కూడా మగ్గం ఉండాదంట."

అట్లా అప్పీలు వేశాం. పై కోర్టు తేల్చేదాకా శిక్ష ఆగింది. తిరువళ్ళూరు లాయరమ్మ సాక్షుల వాంగ్మూలాల నకళ్ళు ఇచ్చింది. అన్నీ అరవంలో. అత్తకు తెలుగు తప్ప చదవను రాదు. కాబట్టి బి.ఎస్సీ. పట్టాతో వెలుగుతున్న ఈ మేనకోడలు సెలవు రోజుల్లో మగ్గం పక్కన కూర్చుని, తనను నేరస్తురాలని నిరూపించే కాగితాలను ఆమెకే తెలుగు చేసి వినిపించింది. ఆమె నేస్తూనే వినేది. మూడోసారి చదువుతున్నప్పుడు, పోగుల మధ్య అటూ ఇటూ తిరిగే నాడె ఆగింది.

"ఆ సాక్షి చెప్పింది మళ్ళీ సదువు."

ఆ వేళ మీరు అక్కడేం చేస్తున్నారని వకీలు ఏదో మాటవరసకు అడిగాడు. ఎదురింటాయన పడుగుకు వీధిలో గంజి పెడుతున్నానని సాక్షి చెప్పాడు. అదంతా ఒక్క వాక్యం. దాని మీద ఎవరూ ఆగలేదు.

తెలియనివారికి ఒక మాట. నేతకు ముందు పడుగు నూలును వీధి పొడవునా, నడుమెత్తున, బిగించి కడతారు. గంజి పూసి, ఇద్దరు చెరోవైపు నడుస్తూ కుంచెలతో దువ్వి ఆరబెడతారు. వేల పోగులు. ఆ పూట వీధి ఇటు సగం ఇటే, అటు సగం అటే.

"ఆ పొద్దు వీధిలో పడుగు కట్టినారా?" అంది అత్త.

"సాక్షే చెప్పినాడు అత్తా."

"అట్లయితే నేను యాడ దాటినాను?"

మధ్యలోంచి పరుగెత్తితే పోగులు తెగి, తలకంటే ముందు పడుగు గురించే కేసు పెట్టి ఉండేవాళ్ళు. కింద దూరడానికి ఆమె మోకాళ్ళు ఒప్పుకోవు. చుట్టి రావాలంటే వీధి కొస దాకా పోవాలి, అప్పుడది నేరుగా పరుగెత్తడం కాదు. రెండేళ్ళుగా ఈ సంగతి ఒక్కరికీ తట్టలేదు. మా వీధిలో పడుగు ఉండటం వీధిలో మట్టి ఉండటం లాంటిది, ఎవరు చూస్తారు? "నాకే తట్టలేదే" అని అత్త ఆ పూటంతా తనను తానే తిట్టుకుంది.

లాయరమ్మకు మొదట అర్థం కాలేదు. ఆవిడ పట్నంలో పెరిగిన మనిషి. అత్త ముందుగా ఆవిడ నల్లకోటు అంచు నలిపి "పాలిస్టరు" అని తేల్చింది. తర్వాత సంచిలోంచి నూలు తీసి, ఆవిడ ఆఫీసు బీరువా పిడి నుంచి కిటికీ ఊచ దాకా నడుమెత్తున పది వరసలు కట్టింది.

"ఇప్పుడు పరిగెత్తి వచ్చి నన్ను కొట్టు లాయరమ్మా."

ఆవిడ వచ్చింది. కోటు గుండీకి నూలు చుట్టుకుంది. విడిపించుకుని, కిందికి వంగి ఇవతలికి వచ్చేసరికి అత్త తలుపు దగ్గర నిలబడి ఉంది. లాయరమ్మ నేల మీదే కూర్చుని ఆ వాక్యం కింద ఎర్ర గీత గీసింది.

వాదనల రోజు మేం వెనక బల్ల మీద కూర్చున్నాం. అత్తకు నోరు తెరిచే అవకాశం లేదు, అదే ఆమెకు అసలైన శిక్ష. జడ్జిగారు ఆ దారాలు ఎంత ఎత్తున ఉంటాయని అడిగారు. లాయరమ్మ నడుం మీద చెయ్యి పెట్టి చూపించింది, అనుభవం ఉన్నదానిలా. పోగులు తెగాయని ఎక్కడైనా రాసి ఉందా అని ఆయన అవతలి పక్షాన్ని అడిగారు. కాగితాలు చాలాసేపు తిరగేశారు. లేదు.

తీర్పు రోజున అత్త నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. జడ్జిగారు తీర్పు ఇంగ్లీషులో చదివారు.

"ఏమన్నాడు?"

"నువ్వు దోషివి కాదన్నాడు అత్తా."

"అది నాకు తెలుసు. జైలు సంగతి చెప్పు."

"లేదు. ఇంటికి పోవచ్చు."

బస్టాండు దాకా ఆమె నా మోచెయ్యి వదలలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఎవరి పైటా ముట్టుకోలేదు.

వారం తర్వాత, పొద్దున్నే, ఎదురింటాయన పడుగు కట్టాడు. తోడు దువ్వాల్సిన మనిషి రాలేదు. గంజి పూసేశాడు, ఎండ ఎక్కుతోంది. నేను మా గుమ్మంలో పళ్ళు తోముకుంటూ చూస్తున్నాను. వీధి మొత్తం చూస్తోంది, ఎవరూ కదల్లేదు. అత్త బయటికొచ్చి, నీళ్ళలో నానుతున్న కుంచె తీసి విదిలించింది. ఆయన తలెత్తలేదు.

"ఆరిపోతా ఉండాది, నడువు" అంది.

ఆయన అటువైపు, ఆమె ఇటువైపు. ఒకే అడుగు, ఒకే లాగుడు. మోకాలి నొప్పికి ఆమె నెమ్మదిస్తే ఆయనా నెమ్మదించాడు. వీధి చివరిదాకా ఇద్దరూ దువ్వుకుంటూ పోయారు. వాళ్ళ మధ్య తడి పోగులు మెరుస్తున్నాయి, ఒక్కటీ తెగలేదు.