మేడ మీద మగ్గం గుంట

అరవైల మొదట్లో నర్సింహ అనే గుత్తేదారు నల్లగొండలో ఒక మేడ కట్టి, కింది వాటా, పై వాటా విడివిడిగా అమ్మకానికి పెట్టాడు. నేల లేకుండా ఇల్లు కొనడమేమిటని ఊరంతా వచ్చి చూసిపోయేది. ఒకాయన మెట్ల గట్టితనం తేల్చుకోవడానికి ఎద్దును ఎక్కించాడు. అది ఎక్కింది గాని, పైన గాలి బాగుందని దిగనంది. మేత పైకే మోశారు. కాన్వెంటు మదర్ల దగ్గర చదివినవాణ్ణి, అబద్ధమాడను.

కింది వాటా నేను కొన్నాను. పై వాటా చూడడానికి నకిరేకల్ నుంచి సిద్దిరాములు, ఆయన భార్య ఆండాళు వచ్చారు. సిద్దిరాములుది గుంట మగ్గం. నేలలో గుంట తవ్వి, అందులోకి కాళ్ళు దించి, కర్రలు తొక్కుతూ నేయాలి. వాళ్ళ ఇల్లేమో పల్లంలో ఉంది. వానాకాలం వస్తే గుంట నిండేది, మగ్గం ఆగేది. ఏటేటా చెంబుతో నీళ్ళు తోడి విసిగిన ఆండాళు, నీళ్ళు ఎక్కలేని ఇల్లే కావాలని పట్టుబట్టింది.

వచ్చినవాళ్ళందరూ నల్లా తిప్పి చూస్తారు. సిద్దిరాములు మాత్రం గొంతుక్కూర్చుని గచ్చును అరచేత్తో రుద్దాడు.

"గిక్కడ ఎంత లోతు తవ్వొచ్చు?"

నర్సింహ నా వైపు తిరిగాడు. నేనే అందుకున్నాను.

"నీ ఇష్టమున్నంత తవ్వు. నీ కాళ్ళు మా వంటింట్ల ఏలాడుతయి. మా ఇంటామె బిక్షమ్మ వాటికి ఉల్లిగడ్డల బుట్ట తగిలిస్తది."

"నవ్వకు ఇస్రాయేలు సారూ. మగ్గం లేని ఇంట్ల నేనేం జెయ్యాలె? కిటికీల కూసొని రోడ్డు మీద బండ్లు లెక్కవెట్టాల్నా?" భార్య వైపు తిరిగాడు. "నడువు పోదాం. గుంట లేని జాగా నాకొద్దు."

ఆండాళు కదలలేదు.

"గుంట అడుగు గిదే అనుకో," అంది గచ్చును కాలితో తట్టి. "నువ్వు కూసునే జాగా ఎత్తు జేస్తే అయిపాయె. కాళ్ళు గచ్చుకే ఆనుతయి."

సిద్దిరాములు గచ్చునూ భార్యనూ మార్చి మార్చి చూశాడు. "గీ మాట ఇంటికాడ చెప్పొద్దా? సారు నన్ను గింతసేపు ఆడుకునె."

ఇల్లు కొన్నారు. నకిరేకల్ ఇంటి పాత తలుపులు ఊడదీసి బండి మీద తెచ్చి, వాటితోనే అరుగులాంటి పీట చేయించాడు. దాని ముందు కాళ్ళు దించే సందు. పుట్టి పెరిగిన ఇంటి తలుపు మీద కూర్చుని నేయసాగాడు. ఆ చప్పుడుకు మా ఇంటి బల్లులు కూడా తాళం తప్పకుండా నడిచేవి.

తొలి వానాకాలం, జోరువానలో పైకి వెళ్ళాను. పల్లపు ఇళ్ళలో గుంటలన్నీ నిండాయని నకిరేకల్ నుంచి కబురు వచ్చింది. సిద్దిరాములు అన్నం తిని వచ్చి పీట ఎక్కాడు. కాళ్ళు దించే ముందు పంచె మోకాళ్ళ దాకా ఎగ్గట్టాడు.

"తడుస్తదని ఫికరా?" అంది ఆండాళు, పొయ్యి దగ్గర నుంచే.

ఆయన బొటనవేలు దించి గచ్చును తాకి చూశాడు. పొడిగా ఉంది. పంచె మాత్రం దించలేదు, పోగు విసిరే నాడె అందుకున్నాడు.