ఓడేదాకా పొయ్యి ముట్టించం

ధవళేశ్వరంలో గేట్లు దించేసి కాలువలు కట్టేసిన సంగతి మా పాలకొల్లు వైపు పేపరు చూసి తెలుసుకోనక్కర్లేదు, ముక్కే చెప్పేస్తుంది. నీళ్ళు లాగేసిన కాలువ అడుగున ఒండ్రు ఎండకి బీటలు తీయడం మొదలెట్టగానే నాచూ, నత్తగుల్లలూ, గుంటల్లో చిక్కుకుపోయిన చేపపిల్లలూ, వాడిపోయిన గుర్రపుడెక్కా అన్నీ కలిసి ఒక వాసన లేస్తుంది. మొన్న స్కూలుకి వెళ్తూ స్కూటీ మీద వంతెన దాటుతుంటే ఆ వాసన గుప్పుమంది. వెనకాల కూర్చున్న మా అబ్బాయి "ఛీ, కంపు" అని ముక్కు మూసుకున్నాడు. నాకు మాత్రం, చెప్పొద్దూ, బండి గట్టు మీద పడేసి చీర కొంగు దోపుకుని కాలువలోకి దిగిపోదామనిపించింది. వాడి నెత్తి మీద కొత్త క్రికెట్ టోపీ ఉంది. కిందటేడు ఇంకో టీమ్ టోపీ పెట్టుకు తిరిగాడు. అదేంట్రా అంటే, "వాళ్ళు ఓడిపోతున్నారమ్మా" అన్నాడు, చొక్కా చిరిగిందని చెప్పినంత తేలిగ్గా. ఒళ్ళు మండిపోయింది నాకు. నాది పుట్టిన దగ్గర్నుంచీ ఒకటే టీమ్. నా చిన్నతనమంతా ఆ టీమ్ ఒక్కసారంటే ఒక్కసారి గెలవలేదు. ఇది సిగ్గుపడుతూ చెబుతున్న మాట కాదు.

మాకు వేసవి కాలువ కట్టేయడంతోనే మొదలయ్యేది. నీళ్ళు నడుం నుంచి మోకాలికీ, మోకాలి నుంచి మడమకీ దిగి, ఆఖరికి అక్కడక్కడా గుంటలు మాత్రమే మిగిలితే, పిల్లలందరం పాత చీరముక్కలు పట్టుకుని మట్టగిడస చేపల కోసం ఆ గుంటల్లో పడిపోయేవాళ్ళం. ముల్లు గుచ్చుకుంటే ఏడుస్తూ ఇంటికొచ్చి పసుపు రాయించుకుని, ఆ పసుపు ఆరకుండానే మళ్ళీ దిగేవాళ్ళం. మధ్యాహ్నాలు తాటిముంజలు బొటనవేలితో తోడుకు తింటుంటే నీళ్ళు మోచేతుల దాకా కారి చీమలు పట్టేవి. ఇళ్ళల్లో ఆవకాయకి మామిడికాయలు కొడుతున్న చప్పుడు, ఆవపిండి ఘాటుకి వీధి వీధంతా తుమ్ములు. ఒండ్రు బాగా ఎండి, కాలు దిగబడకుండా, పడితే దెబ్బ తగలకుండా ఉండే అదను చూసుకుని పెద్దవాళ్ళు కాలువ నడిమధ్యన పారలతో చదును చేసి సున్నంతో గీతలు గీసేవారు. అదే చెడుగుడు బరి. ఇప్పుడు టీవీల్లో కబడ్డీ అంటున్నారే, అదే. రెండు గట్లూ ఎక్కి జనం కూర్చునేవారు. తూర్పుగట్టు మాది, పడమటిగట్టు వాళ్ళది.

పడమటిగట్టున రైసుమిల్లు ఉండేది. వాళ్ళ జట్టంతా ఆ మిల్లులో బస్తాలు మోసే కుర్రాళ్ళే. ఒక్కొక్కడి తొడలు చూస్తే మాకు అన్నం సయించేది కాదు. మా జట్టులో ఒక దర్జీ, సైకిళ్ళకి పంక్చర్లు వేసే అతను, గేదెల్ని కాసుకునే అన్నదమ్ములిద్దరు, ఎవరూ దొరక్కపోతే గుడి పూజారిగారి మేనల్లుడు. వీళ్ళందరికీ కెప్టెన్ మా సత్తిబాబు బాబాయి, మా నాన్న ఆఖరి తమ్ముడు. మనిషి వెదురుబద్దలా ఉండేవాడు గానీ, ఊపిరి మాత్రం దేవుడు ఇద్దరికి సరిపడా ఇచ్చాడు. చెడుగుడులో అసలు సంగతి ఊపిరే కదా. కూత తెగకుండా అవతలివాళ్ళని తాకి గీత దగ్గరికి తిరిగి రావాలి, పట్టేసుకున్నా సరే, ఊపిరి తెగేలోగా చెయ్యి గీతకి ఆనిస్తే చాలు. అంత ఊపిరి ఉండీ ఓడిపోయేవాళ్ళం. ఏటా.

ఏటా అంటే మాటలు కాదు. బడి పడమటిగట్టునే ఉండేది. వేసవి సెలవులు అయ్యాక తూర్పుగట్టు పిల్లలం వంతెన దాటి బడికెళ్తుంటే, అవతలి పిల్లలు "ఆడలేక మద్దెల ఓడు" అని పాటలా అందుకునేవారు. ఆ సామెత మా మీదికి రావడానికి కారణం మా దొడ్డమ్మ. ఆవిడ మా పెదనాన్న భార్య, వీరలక్ష్మి. అంత వీరాభిమాని రెండు గట్ల మీదా ఇంకొకరు లేరు. తడి తువ్వాలు నెత్తిన వేసుకుని గట్టు మీద అందరికంటే ముందు కూర్చునేది, ఓడినప్పుడల్లా అందరికంటే ముందు లేచేది. ఒక ఏడు ఎండ మనవాళ్ళ కళ్ళల్లో కొట్టిందనేది, ఇంకో ఏడు "చూసేరా, తొడలకి నూనె రాసుకొచ్చేరు, పట్టు జారిపోయింది" అనేది, అంపైరు అవతలివాళ్ళ అల్లుడనేది. ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అని ఆవిడంటే, మా నాన్న నవ్వి "మన బండి కాలవలోనే దిగబడిపోయింది వదినా" అనేవాడు. ఆ పూట నాన్నకి మజ్జిగ లేదు.

ఓడిన గట్టు గెలిచిన గట్టుకి భోజనం పెట్టాలి. ఎవరు పెట్టిన ఆచారమో గానీ మాకు శాపంలా తగులుకుంది. అయినా గోదావరి వాళ్ళం, తిండి దగ్గర లోటు చేస్తామా? గట్టు పక్కన మామిడితోపులో పొడుగ్గా గాడిపొయ్యి తవ్వి, కొబ్బరిమట్టలు పెట్టి, గుండిగలెక్కించి, మామిడికాయ వేసి రొయ్యలు, నాటుకోడి పులుసు, పెద్దవాళ్ళ కోసం ఆవపెట్టిన పనసపొట్టు కూర, ముద్దపప్పు, కొత్త ఆవకాయ, చిల్లు పెట్టి నెయ్యి పోసిన బూరెలు, గడ్డపెరుగు. వంటకి దొడ్డమ్మే పెద్ద. ఇంతమందికి వండాలంటే పొద్దున్నే మొదలెట్టాలి కదా, అందుకని ఆట మధ్యాహ్నం వాలాక అయితే, మా గట్టు మీద పొయ్యి తెల్లవారగానే వెలిగేది. అందులో తప్పేమిటో ఎవరికీ తట్టలేదు. అభిమానంలో అంత గొప్పదైన దొడ్డమ్మకీ తట్టలేదు.

నేను ఐదో తరగతికి వచ్చిన వేసవిలో తట్టింది. ఆ ఏడు మావాళ్ళు ముందంజలో ఉన్నారు. నిజంగానే. బాబాయి కూతకి వెళ్ళి అవతలి కెప్టెన్ని తాకి వెనక్కి తిరుగుతున్నాడు. సరిగ్గా అప్పుడు తోపులోంచి గాలి ఇటు తిరిగి, రొయ్యలు వేగుతున్న వాసన కమ్మగా కాలువలోకి దిగింది. అవతలి కుర్రాడొకడు "రొయ్యలు వేగిపోతున్నాయిరోయ్, బేగి కానియ్యండి" అని అరిచాడు. రెండు గట్లూ నవ్వేశాయి. మా గట్టు కూడా నవ్వింది, అదీ ఘోరం. బాబాయికి కూత తెగింది. ఆ తర్వాత ఆటా తెగింది.

ఆ సాయంత్రం బాబాయి పంక్తిలో కూర్చోలేదు. దొడ్డమ్మ విస్తరి తీసుకుని ఇంటికొచ్చి బతిమాలింది. బాబాయి ఆ విస్తరి వంక చూడనైనా లేదు.

"నేను బరిలోకి దిగకముందే నువ్వు నన్ను ఓడించేసేవు వదినా. పొద్దున్నే. రొయ్యలు వేయించి మరీ. నేనింక ఆడను."

దొడ్డమ్మ విస్తరి అరుగు మీద పెట్టేసి వెళ్ళిపోయింది. బాబాయి లేకపోతే జట్టు లేదని అందరికీ తెలుసు. జట్టు లేకపోతే సున్నం గీతలుండవు, తడి తువ్వాలుండదు, వేసవి ఉండదు. ఆ ఏడాదంతా బాబాయి ఎవరితోనూ చెడుగుడు మాటెత్తలేదు. మళ్ళీ కాలువ కట్టేశారు, మళ్ళీ వాసన లేచింది, బాబాయి మాత్రం అరుగు దిగలేదు. అప్పుడు దొడ్డమ్మ వెళ్ళి ఆయన ముందు నిలబడింది. "నువ్వు దిగు. ఆఖరి కూత దాకా పొయ్యి ముట్టించను. నామీద ఒట్టు" అంది. బాబాయి లేచి లుంగీ ఎగ్గట్టాడు.

ఊరంతా గోల పెట్టింది. ప్రెసిడెంటుగారు, అంటే మా పంచాయతీ పెద్ద, స్వయంగా ఇంటికొచ్చారు. "ఏంటమ్మా వీరలక్ష్మీ ఇది? వచ్చినవాళ్ళని ఆకులముందు పస్తు కూర్చోబెడతావా? మన జిల్లా మర్యాద ఏం కావాలి? ఓడిపోతామని నీకూ తెలుసు, నాకూ తెలుసు."

"మీకు తెలుసేమోనండి, నాకు తెలీదు" అంది దొడ్డమ్మ. "మనం ఓడిన తరవాతే అతిథులండి వాళ్ళు. అప్పటిదాకా పగోళ్ళే. పగోళ్ళకి పొద్దున్నే వండి పెట్టడం ఏ జిల్లా మర్యాదండీ?"

ఆట రోజు రొయ్యలు ఒలిచి ఉంచారు. కూరలు తరిగి ఉంచారు. బియ్యం చేటల్లో పోసి ఉంది. గాడిపొయ్యి నిండా మట్టలు. అగ్గిపెట్టె మాత్రం దొడ్డమ్మ బొడ్లో దోపుకుని వచ్చి గట్టు మీద కూర్చుంది. నేను పక్కనే. తోపులోంచి ఆడవాళ్ళు మాటిమాటికీ వచ్చి "అక్కా, కనీసం ఎసరైనా పెట్టనీ" అని గొణుగుతున్నారు. ప్రెసిడెంటుగారి భార్య కొట్టు దగ్గర్నుంచి ఇంకో అగ్గిపెట్టె తెప్పించింది. దొడ్డమ్మ చెయ్యి చాపింది, ఆవిడ గతిలేక ఇచ్చేసింది. ఇంతమంది ముందు ఆవిడ తన పరువు తీసుకెళ్ళి బాబాయి ఊపిరికి కట్టేసిందని పిల్లదాన్ని, నాకూ అర్థమైంది. ఓడిపోతే గట్టుకి అవమానం ఒకటి, వచ్చినవాళ్ళకి మెతుకు లేదన్న అప్రతిష్ఠ ఇంకొకటి. దొడ్డమ్మ మాత్రం తోపు వైపు తలైనా తిప్పలేదు.

ఆట గురించి ఏం చెప్పను! మా దర్జీ ఒక బస్తాల కుర్రాణ్ణి చీలమండ పట్టి పడేస్తే మా గట్టు మీద మట్టి రాలేలా గెంతేం. మళ్ళీ వాళ్ళు, మళ్ళీ మేము. ఆఖరి కూత మాది. బాబాయి తాకి గీత చేరితే గెలుపు, లేకపోతే లేదు. గాలి వీస్తే ఒండ్రు వాసన తప్ప ఏమీ లేదు. బాబాయి కూత ఎత్తాడు, చెడుగుడు చెడుగుడు చెడుగుడు, లోపలికి వెళ్ళి ఒకణ్ణి తాకాడు, తిరిగాడు, అంతే, వాళ్ళందరూ ఆయన మీద పడిపోయారు. ఆ కుప్పలో బాబాయి కనిపించలేదు. కూత వినిపిస్తూనే ఉంది. అంపైరు ఒంగి చెవి పెట్టాడు. కింద నుంచి ఒక చెయ్యి మాత్రం ఒండ్రుని గీరుకుంటూ గీత వైపు వస్తోంది. దొడ్డమ్మ లేచి నిలబడి తనూ కూత ఎత్తింది. మా గట్టు గట్టంతా ఎత్తింది. ప్రెసిడెంటుగారు కూడా. ఆ వేళ్ళు గీతకి జానెడు దూరంలో ఉండగా కింద కూత సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది.

ఎవరూ నవ్వలేదు. పడమటిగట్టు కూడా వెంటనే ఈలలు వెయ్యలేదు. దొడ్డమ్మ తువ్వాలుతో మొహం తుడుచుకుని, బొడ్లోంచి అగ్గిపెట్టె తీసి, తోపు వైపు నడిచింది. "రండే, ముట్టించండి. ఇప్పుడు ఓడిపోయేం" అంది.

గెలిచినవాళ్ళు ఆకలితో నకనకలాడుతూ మామిడిచెట్ల కింద పడి ఉన్నారు. దొడ్డమ్మ వాళ్ళకి మంచినీళ్ళిచ్చి "కూర్చోండి బాబూ, ఎసరు ఇప్పుడే పడింది" అంటోంది, ఏ మాత్రం తొణక్కుండా. దీపాల వేళకి పంక్తులు కూర్చున్నాయి. బాబాయి మొహం నిండా ఒండ్రుతో మొదటి పంక్తిలో కూర్చుని మూడుసార్లు ఆకులో రొయ్యలు వేయించుకున్నాడు. అవతలి కెప్టెన్ ఆయన పక్కనే కూర్చుని, "మీరు పొయ్యి ముట్టించలేదని తెలిసి భయపడ్డాం అన్నయ్యా, ఏంటో ధీమా అనుకున్నాం" అన్నాడు. దొడ్డమ్మ ఆ మాట విని అతని ఆకులో ఇంకో బూరె వేసింది. ఆ తర్వాత ఆవిడ ఉన్నన్నాళ్ళూ మా గట్టు మీద ఆట ముగియకుండా పొగ లేవలేదు. ఆ తర్వాత కూడా ఓడిపోతూనే ఉన్నాం, అది వేరే సంగతి.

ఇప్పుడు మా బరి ఉన్న చోట కాలువ అడుగున సిమెంటు పరిచారు, చెడుగుడు ఆడితే మోకాళ్ళు మిగలవు. మట్టగిడసలు లేవు, చీరముక్కలు పట్టుకునే పిల్లలూ లేరు. మామిడితోపు చేపల చెరువైపోయింది, రైసుమిల్లు కల్యాణమండపమైంది. దొడ్డమ్మ పోయింది. బాబాయి నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడు. ఆట హైస్కూలు గ్రౌండులో రబ్బరు చాపల మీదికి ఎక్కింది, గాడిపొయ్యి బదులు పాలకొల్లు నుంచి క్యాటరింగ్ వ్యాను వస్తోంది. మా గట్టు తరఫున ఆ భోజనాల ఏర్పాటు కొన్నేళ్ళుగా నా నెత్తిన పడింది.

ఈ ఏడు ఆట రోజు పొద్దున్నే క్యాటరింగ్ కుర్రాడు ఫోన్ చేశాడు. "మేడమ్, తూర్పుగట్టు లెక్కలో వండేయమంటారా?"

"ఆట ఇంకా మొదలవలేదు బాబూ."

"ఆయ్, కానీ మీరే ఓడిపోతారంట కదండీ, అందరూ అదే చెప్తున్నారు. లేటయితే చికెన్ ఉడకదండి."

"ఉడక్కపోతే పోనీ. నేను ఫోన్ చేసేదాకా గ్యాసు వెలిగించావంటే వచ్చే ఏడు నీకు ఆర్డరు లేదు" అన్నాను. పక్కన మా అబ్బాయి టోపీ తీసి చేతిలో పట్టుకుని నా మొహం వంక చూస్తున్నాడు.

ఈ ఏడు కూడా ఓడిపోయాం. అప్పుడు ఫోన్ చేశాను. భోజనాలు అయ్యేసరికి పొద్దు గుంకింది, పడమటిగట్టువాళ్ళు ఆకలి ఆకలి అని ఒకటే గోల. అరవనీండి. మమ్మల్ని ఓడించినవాళ్ళకి ఆ మాత్రం ఆకలి ఉండాలి.