నేను నున్నగా చేసిన గోల

2003లో కాశీబుగ్గ మార్కెట్లో నాకు క్యాసెట్ల దుకాణం ఉండేది. అడిగిన పాటలు ఖాళీ క్యాసెట్లోకి ఎక్కించి ఇవ్వడం నా పని. ఈ రికార్డింగులో తొందర కుదరదు. ముప్పావు గంట పాటలకు ముప్పావు గంటా పడుతుంది. నేను సౌండు పూర్తిగా తగ్గించేసి లెవెల్ మీటర్ ముల్లు మాత్రం చూసుకునేవాణ్ని. పాట ఎంత గట్టిగా ఎక్కుతోందో ఆ ముల్లు చెబుతుంది.

ఒకరోజు ఉద్దానం తీరం నుంచి దాలయ్య గారు ఒక సీడీ తెచ్చారు. మిలటరీలో చేసి ఇంటికొచ్చిన మనిషి.

“త్రాష్ మెటల్ తమ్ముడా. ఇరవయ్యేళ్ల బట్టీ వాయిస్తన్న బ్యాండు. శానా యేళ్లకి కొత్త ఆల్బం ఏసినారు” అన్నారు.

సైన్యంలో షిల్లాంగ్ నేస్తం ఒకడు ఆయనకు ఈ సంగీతం అలవాటు చేశాడట. కొత్తది వస్తే కలిసి వినాలనుకున్నారట. ఈలోగా నేస్తం పోయాడు. అతని తమ్ముడు సీడీ పంపాడు. దాలయ్య గారింట్లో ఉన్నది టేప్ రికార్డరే.

కొంచెం విన్నాను. గిటార్లు రంపంలా కోస్తున్నాయి, పాడేవాడు గొంతు చించుకుంటున్నాడు. సీడీ పాడైందనుకున్నాను. మహా పనిమంతుణ్ని కదా! సన్న, బొంగురు శబ్దాలను విడివిడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్‌తో ఆ గరగరంతా తొక్కేసి, నున్నగా చేసి ఇచ్చాను.

మర్నాడే తిరిగొచ్చారు. “గోలంతా తీసేసినావేటి తమ్ముడా? నాకు కావలిసిందే ఆ గోల.”

సిగ్గేసింది. మళ్లీ ఎక్కించడానికి కూర్చున్నాను.

“సౌండెట్టు. ఇద్దరం ఇందాం. ఊళ్లో ఎవుడూ ఇనడు నాతోటి.”

“బేరాలు పోతాయన్నా” అన్నాను.

ఆయన ముప్పావు గంటసేపు కౌంటర్ దగ్గర నిలబడి, వినబడని పాటకు ఊగే ముల్లును చూస్తూ బల్ల మీద వేలితో తాళం వేసుకున్నారు. వెళ్తూ, నేను పాడుచేసిన క్యాసెట్ నాకే ఇచ్చేశారు.

“ఎప్పుడన్నా ఇను. ఎలగుందో నానొచ్చినప్పుడు సెప్పు.”

కొన్ని నెలల తర్వాత, బేరాల్లేని ఒక మధ్యాహ్నం దాన్ని పెట్టాను. మూడో పాట పట్టుకుంది. వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. ఆ గోల కూడా ఉంటే ఎలా ఉండేదోనని బాధేసింది. ఆయన ఊరతను దుకాణానికొస్తే దాలయ్య గారి గురించి అడిగాను.

“దాలయ్య మావా? గుజరాత్ ఎల్పోనాడు, వాచ్‌మన్ పనికి.”

ఒకరి పాటను దిద్దే హక్కు నాకు లేదని ఆ క్యాసెట్ నేర్పింది. అడిగిన మనిషి పక్కన ముప్పావు గంట వింటూ కూర్చోవడం కూడా నా పనేనని తెలిసేసరికి ఆయన ఊళ్లో లేరు. మూడో పాట బాగుందన్నా అని చెప్పుకోవడానికి కాశీబుగ్గ మొత్తంలో నాకు ఒక్కరూ దొరకలేదు.