వదిన కాలి కింద బ్రేకు

హవాయి వెళ్తే కారు తప్పనిసరి అని మాకు చెప్పని తెలుగువాళ్లు న్యూజెర్సీలో లేరు. వాళ్లలో ఒక్కరైనా అక్కడ బస్సెక్కి చూశారా అంటే, అదీ లేదు. అందుకే సుభద్ర వదినని వెంటబెట్టుకుని, కారు ఊసే లేకుండా ఓహు దీవికి బయల్దేరాను.

అసలు కారణం వేరే. వదినకి గ్లకోమా. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్క చూపు పోయింది. ఇక డ్రైవ్ చేయొద్దని డాక్టర్ చెప్పినా కారు కీ ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ దాటి రాలేదు. మా ఊరు ఐసెలిన్‌లో ఎందరో తెలుగు ఆడవాళ్లకి డ్రైవింగ్ నేర్పిన మనిషి. నాకు నేర్పిందీ తనే, తిట్లతో సహా. పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకుని తొక్కే అలవాటు అప్పటిదే.

"అత్తా, నువ్వైనా చెప్పు. అమ్మ నా మాట వినట్లేదు," అన్నాడు వదిన కొడుకు కార్తీక్.

చెబితే వినే రకమా! కారు లేకుండా తిరగొచ్చని చూపిస్తే వింటుందేమో అనుకున్నాను.

నెవార్క్‌లో ఉదయం ఎక్కిన విమానం హొనలులూలో అదే మధ్యాహ్నం దింపింది. దారిపొడుగునా మా పులిహోరే. ఎయిర్‌పోర్ట్ దగ్గరే రైలు స్టేషన్ ఉంది. కానీ రైలు మా హోటల్ ఉన్న వైకీకి బీచి దాకా పోదు, మధ్యలో బస్సు మారాలి. ఒళ్లోనో సీటు కిందో పట్టని పెట్టెని బస్సులో ఎక్కనివ్వరు. రైస్ కుక్కర్ పెట్టిన వదిన పెట్టె ఎవరి ఒళ్లో పడుతుంది? ట్యాక్సీ తీసుకున్నాం. మీరు చిన్న బ్యాగ్‌తో వెళ్లండి.

మర్నాడు తూర్పు తీరం వెంట పోయే బస్సెక్కాం. మూడు డాలర్లకి రెండు గంటల పైన సముద్రం. వదిన మాత్రం ముందు సీట్లో కూర్చుని మలుపు మలుపుకీ కాలితో నేలని నొక్కుతోంది.

"గట్టిగా పట్టుకోండి ఆంటీ," అన్నాడు డ్రైవర్.

"వీడికి నేను ఆంటీని ఎప్పుడయ్యానే?"

"ఇక్కడ పెద్దవాళ్లందరూ ఆంటీలే వదినా. మనవాళ్లలాగే."

"అయితే ఆంటీ మాట వినాలిగా! అంత స్పీడేంటి?"

దిగేటప్పుడు డ్రైవర్ ఆవిడ చెప్పు వైపు చూసి, "ఆంటీ, నా బ్రేక్ కన్నా మీదే గట్టిది," అన్నాడు. వదిన నవ్వింది. హ్యాండ్‌బ్యాగ్ మీద పట్టు మాత్రం సడలించలేదు.

మూడోరోజు రైలు. డ్రైవర్‌ని పలకరిద్దామని వదిన రైలు ముందు కొసకి పోయింది. అక్కడ డ్రైవరూ లేడు, డ్రైవర్ గదీ లేదు. ఓ పెద్ద అద్దం, దాని అవతల మీదికి పరిగెత్తుకొస్తున్న పట్టాలు.

"దీన్ని నడిపేవాడేడే?"

"లేడు. దానంతటదే పోతుంది."

"రామరామ!" కాలు లేచింది. తొక్కాలో వద్దో తేలక అలాగే ఆగింది. కాసేపటికి అద్దానికి దగ్గరగా జరిగింది. "పట్టాలు, కొండలు, అదుగో నీళ్లు. అన్నీ శుభ్రంగా కనిపిస్తున్నాయి. నేను డ్రైవ్ చేయలేనన్నదెవరు?" అద్దం మీంచి చూపు తిప్పకుండానే, "ఉమా, ఎక్కడికెళ్లావే?" అంది.

నేను ఆవిడ ఎడమ భుజం పక్కనే ఉన్నాను.

"ఇక్కడే ఉన్నా వదినా. ఎక్కినప్పట్నుంచీ."

తల పూర్తిగా తిప్పి చూసింది. "ఇంత దగ్గరగానా?"

నేను గెలవకూడదనుకున్న వాదన నా జన్మలో అదొక్కటే. చివరి స్టేషన్ దాకా ఆవిడ చెయ్యి పట్టుకుని నిలబడ్డాను.

తిరుగు విమానం పొద్దున్నే నెవార్క్‌లో దిగింది. పికప్‌కి బయల్దేరుతున్నానని కార్తీక్ ఫోన్. వదిన నా చేతిలోంచి లాక్కుంది.

"అంత దూరం రావద్దురా. ట్రైన్‌లో మన ఊరి స్టేషన్ మెట్రోపార్క్ దాకా మేమే వస్తాం. అక్కడికి రా, నీకొకటివ్వాలి."

"చాక్లెట్లా?"

"అవీ ఉన్నాయి."

కారు లేకుండా ఓహు తిరగొచ్చా అంటే, తిరగొచ్చు. ఓపిక, చిన్న బ్యాగ్, పక్కన ఒక మనిషి ఉంటే చాలు.

మెట్రోపార్క్‌లో చాక్లెట్ డబ్బా మీద కీ పెట్టి కొడుకు చేతికిచ్చింది. వాడు నావైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. వదిన వాడి కార్‌లో ముందు సీట్లో కూర్చుంది. మొదటి స్టాప్ సైన్ దగ్గరే ఆవిడ కాలు ఠపీమని నేలకి తగిలింది.

"అమ్మా, నేను ఆపుతున్నా కదా!"

"కీ ఇచ్చానురా. బ్రేకు ఇవ్వలేదు."