షాపులో పుట్టిన మనవడు

మాది మచిలీపట్నం. పిల్లల్లేరు. రెండేళ్ల క్రితం మావారు దేవదానం గారు పోయారు. మా పెళ్లి రజతోత్సవానికి చర్చిలో తీయించిన వీడియో బ్లూరే డిస్కులో ఉంది. దాన్ని ఆడించే ప్లేయరు పాడైంది. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోమన్నారు గానీ, డిస్కు ఒకరి చేతికివ్వడానికి మనసొప్పలేదు.

"ఆ ప్లేయర్లు ఇప్పుడు రావట్లేదమ్మా. డిస్కు పెట్టే గేమ్ కన్సోల్ తీసుకోండి, బొమ్మ అద్దంలా వస్తుంది. మనవడికి ఆటలకీ పనికొస్తుంది," అన్నాడు బస్టాండు దగ్గర షాపాయన. "బాబు పేరేంటండీ?"

లేడనడానికి నోరు రాలేదు. నేనెన్నడూ పేరు పెట్టి పిలవని మావారి పేరే బయటికొచ్చింది. "దేవదానం."

"తాతగారి పేరా అండీ!" అని నవ్వాడు.

మర్నాడు ఆయనే వచ్చి కన్సోల్‌ని టీవీకి కలిపాడు. "బాబుని పిలవండమ్మా, ఒక ఆట పెట్టి చూపిస్తాను," అన్నాడు.

సిగ్గుతో తలెత్తలేకపోయాను. "మనవడు లేడండీ. అబద్ధం చెప్పాను. ఈ డిస్కు చూసుకోవడానికే కొన్నాను."

ఆయన డిస్కు పెట్టాడు. తెర మీద మావారు నవ్వుతున్నారు.

"ఈయనేనా అండీ దేవదానం గారు?"

తలూపాను. ఆయన కుర్చీ లాక్కుని, పాస్టరుగారి ప్రార్థన అయ్యేదాకా నాతోపాటు కూర్చున్నాడు.

ఆయన వెళ్లాక మళ్లీ మొదటినుంచి చూశాను. మావారి చొక్కా పైగుండీ ఊడి ఉంది. ఆ రోజంతా పక్కనే ఉండి నేను గమనించనేలేదు. లేచి వెళ్లి తెరమీద ఆ చోటు తడిమాను. చల్లటి అద్దం తగిలింది. మనిషి అంత స్పష్టంగా కనబడితే, లేరన్న సంగతీ అంత స్పష్టంగానే తెలుస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు.