ఎదురు రాని అమ్మ

పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న మా ఊళ్లో, చేపల వేటకు బయలుదేరేవాణ్ణి వెనక నుంచి పిలవకూడదు. భర్త పోయిన ఆడమనిషి ఎదురు రాకూడదు. పంతొమ్మిదివందల యాభైల చివర్లో మా నాయన కాలం చేశాక పడవతోపాటు ఈ పట్టింపులూ నాకు దక్కాయి. అవి ఎందుకని ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించే బుర్రే ఉంటే నాకీ ఏడుపు ఉండేది కాదు.

ఒకసారి సద్ది గిన్నె మరిచిపోయానని అమ్మ వెనక నుంచి పిలిచింది. నేను తిరిగొచ్చి, కాళ్లు కడుక్కుని, అరుగు మీద కూర్చుని నీళ్లు తాగి, "ఎన్ని తూర్లు చెప్పినా నీకు తలకెక్కదా?" అని విసుక్కున్నాను. ఆ రోజు చేపలు సరిగా పడలేదు. తప్పంతా అమ్మదే అనుకున్నాను. మర్నాడు ఆమె గిన్నె పట్టుకుని వాకిట్లో నా ముందుకే వచ్చింది. విధవరాలు ఎదురొచ్చిందని దానికీ కసురుకున్నాను. వెనక నుంచి పిలవకూడదు, ముందుకు రాకూడదు. మరి కన్నతల్లి నాతో మాట్లాడాలంటే ఎటునుంచి రావాలి? ఆ ప్రశ్న నాకు అప్పట్లో తట్టలేదు.

ఆనాటినుంచి నేను వల భుజానికెత్తుకోగానే అమ్మ వంటింట్లోకి తప్పుకునేది. నా భార్య నీళ్ల బిందెతో ఎదురొచ్చేది. ఇంట్లో గొడవ లేదు. నాలుగైదేళ్లు పొద్దున పూట అమ్మ ముఖం చూడలేదు. చూడడంలేదన్న ధ్యాస కూడా నాకు లేదు.

ఒక పొద్దున నేను గడప దాటుతుండగా, వంటింట్లో అమ్మ తన కుడిచెయ్యి మొద్దుబారుతోందని నా భార్యతో చెప్పిందట. ఆమె నన్ను పిలవబోతుంటే అమ్మే ఆపిందట.

"వాణ్ణి ఎనక నించి పిలవమాక అమ్మాయ్. పొయ్యొచ్చినాక చెప్దాం."

నేనింకా వీధి మలుపు కూడా తిరగలేదు. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి అమ్మ మూతి పక్కకు పోయింది, మాట పడిపోయింది. బండి కట్టుకుని సూళ్లూరుపేటకు తీసుకుపోతే డాక్టరుగారు, "ఇంతసేపు ఏం చేస్తా ఉన్నారయ్యా?" అని అడిగారు. నా భార్య నావైపు చూసింది.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. నాది పుట్టుకతో వచ్చింది కాదు కాబట్టి ఆ ఒక్కరోజుతోనే వదిలింది. మర్నాటినుంచి వేటకు పోయేముందు అమ్మ మంచం ముందు కూర్చునేవాణ్ణి.

"అమ్మా, ఒక్క తూరి నన్ను చూడు. నీ మొకం చూసే పోతా."

అమ్మ ఎడమచేత్తో కొంగు ముఖం మీదికి లాక్కుని, కష్టపడి గోడవైపు తిరిగేది. నాకు శకునం చెడకూడదని. ఎంత బతిమాలినా, ఏడ్చినా అంతే. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది, నేను నేర్పింది మాత్రం ఆమెను వదల్లేదు.

ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. పొద్దున పూట నేను అమ్మ ముఖం తనివితీరా చూసింది, ఆమెను పాడె మీద పడుకోబెట్టిన రోజునే.